తెర మీది గేదెకు చెయ్యి పెట్టి చూడలేం

సంపాదకులకు నమస్కారం.

పశువైద్య కోర్సు ప్రవేశాల కాలం వచ్చిందంటే, 'ఇక కళేబరాలతో పనిలేదు, తెర మీదే గేదెను కోసి చూడొచ్చు' అన్న ధోరణిలో వార్తలు కనిపిస్తుంటాయి. డిజిటల్ డిసెక్షన్ టేబుల్ మంచి పరికరమే. ఏ ధమని ఏ ఎముక వెనక నుంచి పోతుందో పొర పొరగా విప్పి చూపిస్తుంది, ఎన్నిసార్లు కోసినా పాడవదు. కానీ దాన్ని కళేబరం పక్కన పెట్టుకోవడం వేరు, కళేబరం తీసేసి ఆ చోట పెట్టడం వేరు. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్ మొత్తం ఐదున్నరేళ్లు. అందులో అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, మొదటి ఏడాదిలోనే వచ్చి, అక్కడే అయిపోతుంది. అప్పుడు వేళ్లకు అలవాటు కానిది నాలుగో ఏడాది సర్జరీ బల్ల దగ్గర హఠాత్తుగా రాదు.

పల్లెల్లో రోజూ జరిగే పనినే తీసుకుందాం. ఎదకు వచ్చిన ఆవుకు కృత్రిమ గర్భధారణ చేయాలి. గడ్డకట్టించిన వీర్యం ఉన్న 0.25 మిల్లీలీటర్ల స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి, తుడిచి, గన్నులో పెట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. చిక్కంతా ఆ తర్వాతే. గన్నును యోనిలోకి నేరుగా అడ్డంగా తోస్తే, లోపలికి సుమారు 10-12 సెంటీమీటర్లు వెళ్లాక కింది గోడ మీద మూత్రనాళం తెరుచుకునే చోట, దాని కిందే ఉన్న వేలి కొన పట్టేంత మూసిన సంచిలో ఇరుక్కుంటుంది. అందుకే మొదట గన్ను మొనను 30-40 డిగ్రీలు పైకెత్తి పంపి, తర్వాత సమంగా దించమంటారు. అది దాటాక యోని గోడ మడతలు అడ్డొస్తాయి. పురీషనాళంలో ఉన్న ఎడమ చేత్తో గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుని ముందుకు నెడితే మడతలు సాగి దారి ఇస్తాయి. ఆ తర్వాత, ముఖద్వారం చుట్టూ ఉండే గుండ్రటి గాడి. గన్ను అక్కడ తగిలితే కొత్తవాళ్లకు లోపలికి వెళ్లిపోయినట్టే అనిపిస్తుంది, నిజానికి అది బయటే ఉంటుంది. ముఖద్వారంలో ఆవుకు సాధారణంగా మూడు నాలుగు వలయాలు. వలయం దాటిన ప్రతిసారీ చేతికి కరకరమన్నట్టు తెలుస్తుంది. చివరి వలయం దాటగానే ఆగి, అక్కడే వీర్యం వదలాలి. ఎందుకంటే గర్భాశయ దేహం లోపల ఉండేది 3-4 సెంటీమీటర్లే. రెండు కొమ్ములు బయటికి అతుక్కుని ఉండటం వల్ల పైనుంచి తడిమితే చాలా పొడవున్నట్టు భ్రమ కలుగుతుంది. ఆ భ్రమతో ఇంకాస్త తోస్తే వీర్యమంతా ఒకే కొమ్ములోకి పోతుంది, లోపలి పొర గీసుకుపోతుంది కూడా. అండం రెండో వైపు విడుదలైతే ఆ ఎద వృథా. రైతుకు ఇంకో 21 రోజులు మేత దండగ.

ఇవన్నీ అనాటమీ హాల్లోనే, కబేళా నుంచి తెచ్చిన గర్భసంచిని బల్ల మీద పెట్టి ఒక అరగంటలో చూపించొచ్చు. ముందు ఖాళీ గన్నును కళ్లు మూసుకుని ఎక్కించమనాలి. తర్వాత కత్తెరతో పై గోడను నిలువునా చీల్చి, మొన ఎక్కడ ఆగిందో చూడమనాలి. పది మందిలో సగం మందికి గన్ను గాడిలోనే ఉంటుంది. తాము చేసిన తప్పును తమ కళ్లతోనే చూసిన విద్యార్థికి ఆ గాడి పేరు బట్టీ పట్టాల్సిన పని ఉండదు. తెర మీద ఇదే ముఖద్వారాన్ని రంగుల్లో తిప్పి తిప్పి చూపించొచ్చు. ఎంత తిప్పినా వలయం ఇచ్చే ఎదురు మాత్రం చేతికి రాదు.

పైగా ఆ సాఫ్ట్‌వేర్లలోని పశువు చాలావరకు విదేశీ జాతి ఆవు. పాఠ్యపుస్తకాలదీ అదే దారి. మన పాడి బరువు మోసేది గేదె. గేదె ముఖద్వారం ఆవుదాని కన్నా చిన్నది, మెలికలు ఎక్కువ. అండాశయం కూడా చిన్నదే. ఆవులో పీతబిందువు (అండం విడుదలయ్యాక ఆ చోట ఏర్పడే పసుపు గడ్డ) అండాశయం మీద బొడిపెలా పొడుచుకు వచ్చి వేలికి తగులుతుంది. గేదెలో అది చాలాసార్లు లోపలే కూరుకుని ఉంటుంది. అసలే గేదెలు మూగ ఎదకు, అంటే లక్షణాలు పైకి కనిపించని ఎదకు, పేరు పడ్డవి. ఆవు అండాశయం మీద చేయి తిప్పిన అనుభవంతో గేదెను తడిమి 'ఇందులో ఏమీ లేదు' అని తేల్చేసేవాళ్లు అందుకే ఎక్కువ. పొదుగు సంగతీ అంతే. ఆవులో పాలలో సుమారు ఐదో వంతు పొదుగు కింది తిత్తిలో ముందే దిగి ఉంటుంది. గేదెలో అది 5 శాతం మాత్రమే, మిగతాదంతా పైన గ్రంథుల్లోనే. చేపితే తప్ప గేదె పాలివ్వదని రైతుకు ఎప్పుడో తెలుసు. ఆ మాటకు అడ్డంగా కోసిన పొదుగు ముక్క సాక్ష్యం చెబుతుంది. ఒంగోలు గిత్త మూపురం అంతా కొవ్వేనని మొదటి ఏడాది వాళ్లు రాస్తుంటారు. కోసి చూస్తే అందులో ఎక్కువ భాగం భుజాన్ని వెన్నుకు కట్టే కండరమే కనిపిస్తుంది.

భాషలోనూ ఒక మెలిక ఉంది. మన వాడుకలో 'నరం' అంటే నెర్వూ అదే, రక్తం మోసే సిర కూడా అదే. 'నరానికి సూది వేశారు' అంటే అర్థం సిరలోకి అని. మాటలో ఈ కలగాపులగం వల్ల నష్టమేమీ లేదు. చేతిలో కలిస్తే మాత్రం దూడ కుంటిదవుతుంది. తొడ వెనక తుంటి ఎముకకూ, తొడ ఎముక పైనున్న గడ్డకూ మధ్య సయాటిక్ నరం కిందికి దిగుతుంది. బక్క దూడలో దాని మీద కప్పుకున్న కండ పలచన. పొడవాటి సూదితో అక్కడ చురుకైన మందు పొడిస్తే గిట్ట మడత పడి కాలు ఈడ్చడం మొదలవుతుంది. అదే మందును మెడ కండలో వేస్తే ఆ భయం లేదు. కొమ్ము కోసేటప్పుడు మత్తు ఎక్కడ ఇవ్వాలన్నదీ అనాటమీ ప్రశ్నే. కంటి బయటి మూలకూ కొమ్ము మొదలుకూ సరిగ్గా మధ్యన, నుదుటి ఎముక అంచు కింద ఆ నరం దొరుకుతుంది. ఎదిగిన ఎద్దులో నుదుటి గాలి గది కొమ్ము లోపలికి పాకి ఉంటుంది కాబట్టి, కొమ్ము కోస్తే గది తెరుచుకుంటుంది. దాన్ని మూయకుండా వదిలితే ఈగలు, చీము తప్పవు. మొదటి ఏడాది పుర్రెను నిలువునా రంపంతో కోసి ఆ గదిలో వేలు పెట్టినవాడు మూయడం మరచిపోడు.

ఇక కళేబరం. దొరకడమే కష్టమన్నది నిజం. గోవధ నిషేధ చట్టం 1977 నుంచీ ఉంది, ఆవు కళేబరం అడగడమే అనవసరం. మనకు మిగిలింది గేదె, ముఖ్యంగా ఎవరూ సాకని దున్న దూడ. పైసా విలువ లేదని పాడి రైతు వదిలేసే ఆ దూడే అనాటమీకి ఆధారం. జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకుని, పూర్తి మత్తులో, మెడ పక్క ధమని నుంచి రక్తం తీసే పద్ధతి ఒక్కటే సరైనది. నైతికంగానూ, పని పరంగానూ. చనిపోయి నాలుగైదు గంటలైన పశువులో రక్తం గడ్డకట్టి నాళాలు మూసుకుపోతాయి. కుళ్లకుండా ఉంచే ద్రావణం ఆ ధమనిలోంచి ఎంత ఎక్కించినా వెనక కాళ్లకు చేరదు. పది రోజులకు తొడ పచ్చబడి మెత్తబడుతుంది.

100 కిలోల దూడకు పది లీటర్ల ద్రావణం కావాలి. వాడుకలో ఉన్న పాళ్లు: లీటరు ఫార్మలిన్, అర లీటరు గ్లిసరిన్, పావు లీటరు కార్బాలిక్ ఆమ్లం, మిగతా నీళ్లు. ముందు రోజు మేత పెట్టకూడదు. ద్రావణం డబ్బాను ఆరడుగుల ఎత్తున వేలాడదీసి, దాని బరువు మీదే దిగనివ్వాలి. తొందరపడి పంపుతో కొడితే ఊపిరితిత్తుల్లో సన్న నాళాలు పగిలి ముక్కులోంచి నురగ వస్తుంది. అప్పటి నుంచి పోసినదంతా బయటికే. కాళ్లు బిగుసుకున్నాయంటే ద్రావణం కండలకు చేరినట్టు. చాలాచోట్ల ఇక్కడే చేతులు దులుపుకుంటారు. రూమెన్ (పెద్ద పొట్ట) మాట మరచిపోతారు. ధమనుల్లోంచి వెళ్లే ద్రావణం పెద్ద పొట్టలోని మేతలోకి ఇంకదు. ఆ మేత పులిసి, ఉబ్బి, లోపలి నుంచి కుళ్లబెడుతుంది. కాబట్టి ఎడమ డొక్క మీద, చివరి పక్కటెముకకూ నడుము ఎముకల అంచుకూ మధ్య పల్లంలో ట్రోకార్ (గొట్టంలో అమర్చిన మొనదేలిన పోటు) దించి, గ్యాస్ వదిలి, ఆ గొట్టంలోంచే లీటరున్నర ఫార్మలిన్ లోపలికి పోయాలి. కడుపుబ్బరంతో పడిపోయిన పశువును బతికించే పోటు కూడా సరిగ్గా అక్కడే. మొదటి రోజే, ఇంకా పాఠం మొదలవకముందే, ఒక అత్యవసర చికిత్స స్థలం అలా చేతికి తెలిసిపోతుంది. ధమనులకు రంగు ఎక్కించాలంటే మర్నాటి దాకా ఆగి, ఎర్ర సింధూరం కలిపిన గంజి పిండిని అదే ధమనిలోంచి పంపాలి. అదే రోజు పంపితే రంగు సన్న నాళాలు దాటి సిరల్లోకి పోయి అంతా కలగలిసిపోతుంది.

ఫార్మలిన్ విషయంలో మాత్రం డిజిటల్ టేబుల్ వైపు మాట్లాడేవాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో ఉంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధన గాలిలో అది ఎనిమిది గంటల సగటున 0.75 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.75 భాగం), పదిహేను నిమిషాలకు 2 పీపీఎం దాటొద్దంటుంది. కళ్లు మండి నీళ్లు కారే హాల్లో ఎంత ఉందో కొలిచే పరికరమే చాలా కళాశాలల్లో లేదు. పైకప్పు దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం ఒక వేడుక. ఆవిరి బల్ల మీంచి లేచి, వంగి ఉన్న ముఖాలన్నిటినీ పలకరించి, అప్పుడు ఫ్యాన్ దగ్గరికి పోతుంది. గాలిని బల్ల అంచుల్లోంచే కిందికి లాగాలి. అది కట్టేలోగా డబ్బు ఖర్చు కాని పనులు రెండున్నాయి. తొట్టిలోంచి తీసిన భాగాన్ని క్లాసుకు ముందు రోజంతా మంచినీళ్లలో, రెండు సార్లు నీళ్లు మార్చి నానబెట్టడం ఒకటి. పూర్తయిన అవయవాలను ఫార్మలిన్ తొట్టిలోకి తిరిగి పంపకుండా గ్లిసరిన్‌లోకి మార్చి పొడి నమూనాలుగా ఉంచడం రెండోది. ఇంకొంచెం డబ్బుంటే ప్లాస్టినేషన్ ఉంది. 1977లో హైడెల్‌బర్గ్‌లో గుంథర్ ఫాన్ హాగెన్స్ మొదలుపెట్టిన పద్ధతి అది. కణజాలంలోని నీటిని మైనస్ 25 డిగ్రీల అసిటోన్‌తో, ఆ అసిటోన్‌ను శూన్యంలో సిలికోన్‌తో మార్చేస్తారు. వాసన లేని, పొడి, చేతిలో పట్టుకునే గుండె తయారవుతుంది. కాకపోతే అది బిగిసిన గుండె, కత్తి పెట్టడానికి పనికిరాదు.

ఎముకల గది గురించి ఒక్క మాట. పాతికేళ్లుగా అవే ఎముకలు. విద్యార్థులు గాడిని బట్టి కాకుండా, అంచున పగులును బట్టి 'ఇది ఎడమ తొడ ఎముక' అని చెప్పేస్తారు. బల్ల మీది నమూనాను చూసి గుర్తించే స్పాటర్ల పరీక్షలో మార్కులూ వస్తాయి.

కణజాల శాస్త్రంలో మన ఎండలు అదనపు శత్రువు. పేగు లోపలి పొర ప్రాణం పోయిన నిమిషాల్లోనే తనను తాను జీర్ణించుకోవడం మొదలుపెడుతుంది. కబేళాలో ముక్క తీసి, ప్లాస్టిక్ సంచిలో వేసి, మధ్యాహ్నం బస్సులో తెచ్చి, సాయంత్రం ఫార్మలిన్‌లో వేస్తే, స్లైడు మీద పేగు లోపలి సన్న వేళ్లలాంటి విల్లైలకు బదులు గులాబీ రంగు మడ్డి కనిపిస్తుంది. 3-5 మిల్లీమీటర్ల మందం ముక్కను అక్కడికక్కడే, దాని పరిమాణానికి పది నుంచి ఇరవై రెట్ల ద్రావణంలో వేయాలి. లీటరు తటస్థ ద్రావణానికి ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, నీళ్లు 900, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఈ లవణాలు ఖరీదైనవి కావు. అవి లేకుండా వట్టి ఫార్మలిన్‌లో వదిలితే ఆమ్లం తయారై, రక్తం ఉన్న చోటల్లా నల్ల గోధుమ పొడి పేరుకుంటుంది. దాన్ని చూసి ఏదో రోగమని బొమ్మ గీసే విద్యార్థులున్నారు. ముక్కలోని నీటిని తీసే ఆల్కహాల్ మెట్లు దాటాక, ఆ ఆల్కహాల్‌ను తొలగించే జైలీన్ పాలలా మారిందంటే ముక్కలో నీరు మిగిలి ఉందని అర్థం. వెనక్కి, నూరు శాతం ఆల్కహాల్‌లోకి వెళ్లాల్సిందే. ఆ నీటితోనే పారఫిన్ మైనంలోకి తోస్తే మధ్యలో గుంత పడుతుంది. ఏప్రిల్‌లో ఏసీ లేని గదిలో 5 మైక్రాన్ల మందం ముక్కల రిబ్బన్ రాదు, మైనం కత్తికి అంటుకుని ముద్దవుతుంది. బ్లాకును ఐసు మీద పావుగంట బోర్లించి, నాలుగైదు ముక్కలు కోసి, మళ్లీ ఐసు మీద పెట్టుకుంటూ పోవాలి.

కళేబరం కోత, కణజాలం, పిండం - అనాటమీలోని ఈ మూడింటిలోకీ పిండశాస్త్రమే ఎక్కువ నిర్లక్ష్యానికి గురైంది. ఛార్టుల మీద బాణం గుర్తులతో అయిపోతోంది. నిజానికి అన్నిటికన్నా చవక అదే. కోడి గుడ్డు చాలు. కొట్టు గుడ్డు మాత్రం పనికిరాదు. పుంజు మొహం చూడని లేయర్ కోళ్లవి అవి, మూడు వారాలు పొదిగినా కుళ్లుతాయి తప్ప కదలవు. హ్యాచరీ గుడ్లు గానీ, పుంజు తిరిగే నాటు కోళ్ల గుడ్లు గానీ తెచ్చి, వారం దాటకుండా చల్లని చోట ఉంచాలి. 35 డిగ్రీల గదిలో రెండు రోజులు ఉంచితే పొదగకముందే లోపల పెరుగుదల వంకరటింకరగా మొదలవుతుంది. ఇక '33 గంటల పిండం' అని రాసుకున్న లేబుల్‌కు అర్థం ఉండదు. ఇంక్యుబేటర్ 37.5 డిగ్రీలు. 33 గంటలకు తీయాలంటే గుడ్డును అడ్డంగా పడుకోబెట్టి తెచ్చి, 38 డిగ్రీల ఉప్పు నీళ్లున్న గిన్నెలో పగలగొట్టాలి. పచ్చసొన మీద తెల్లటి బిళ్ల తనంతట తానే పైకి తిరుగుతుంది. మధ్యలో కన్నం చేసిన వడపోత కాగితాన్ని దాని మీద పరిచి, అంటుకున్నాక చుట్టూ సన్న కత్తెరతో కోసి, కాగితంతో సహా ఎత్తాలి. గుండె అప్పుడే కొట్టుకోవడం మొదలుపెట్టి ఉంటుంది, భూతద్దంలో తెలుస్తుంది. నీళ్లు చల్లారితే ఆగిపోతుంది. మళ్లీ వెచ్చని నీళ్లు పోస్తే సాధారణంగా తిరిగి కదులుతుంది. పిండం చెడిపోకుండా గట్టిపరిచే బ్వాన్ ద్రావణంలో పెట్టేముందు పైనున్న పచ్చసొన పొరను ఒలిచేయాలి. అది ఉండిపోతే రంగు లోపలికి ఎక్కదు, పిండం చుట్టుకుపోతుంది. 48, 72 గంటల గుడ్లు కూడా ఇలాగే చేసి వరసగా పెడితే, మెడ వంగడం, గుండె మెలిక తిరగడం, రెక్కల మొగ్గలు రావడం ఎవరూ చెప్పకుండానే కనిపిస్తాయి.

పశువు పిండానికి మళ్లీ గర్భసంచే. కబేళాలో చూడి గేదెలవి దొరుకుతూనే ఉంటాయి. తల నుంచి తోక మొదలు దాకా కొలిచి వయసు కట్టడానికి ఆవు విషయంలో ఒక సులువైన లెక్క ఉంది. నెలల సంఖ్యను, దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణించాలి. మూడో నెలకు 15 సెంటీమీటర్లు, ఐదో నెలకు 35. గేదె చూడి 310 రోజుల దాకా సాగుతుంది కాబట్టి అదే లెక్క గేదెకు వాడితే వయసు తక్కువ చూపిస్తుంది. ఈ గర్భసంచులు ముట్టుకునేవాళ్లకు గ్లౌజులు తప్పనిసరి, పశువుల నుంచి మనిషికి సోకే బ్రూసెల్లా క్రిమి చేతి మీది చిన్న గీత చాలనుకుంటుంది.

అదే సంచిలో మాయ బొడిపెలను చూడాలి. ఆవుకు 75 నుంచి 120 దాకా ఉంటాయి, పుట్టగొడుగుల్లా ఉబ్బి. గొర్రెలో అవే గిన్నెల్లా లోపలికి గుంటపడి ఉంటాయి. ఒక బొడిపెను మెల్లగా విడదీస్తే దూడ వైపు వేళ్లు తల్లి వైపు గుంతల్లోంచి చేతి తొడుగులా జారి వస్తాయి. తొందరగా లాగితే బొడిపె తెగి చేతికొస్తుంది. మాయ పడలేదని చేయి పెట్టి పీకే చోట లోపల జరిగేది ఇదే. ఇదే బొడిపె నుంచి ఒక స్లైడు చేసి చూపిస్తే ఇంకో విషయం బయటపడుతుంది. ఆవులో తల్లి రక్తానికీ దూడ రక్తానికీ మధ్య ఇటు మూడు, అటు మూడు పొరలు. మనిషిలో తల్లివైపు పొరలు కరిగిపోయి బిడ్డ పొరలు నేరుగా రక్తంలో తేలుతాయి. అందుకే మన బిడ్డ కొంత రక్షణతో పుడుతుంది, దూడ ఏమీ లేకుండా పుడుతుంది. దానికున్న ఒకే ఆధారం ముర్రుపాలు. పేగు గోడ ఆ రక్షక పదార్థాలను యథాతథంగా లోపలికి రానిచ్చేది దాదాపు 24 గంటలే, అందులోనూ మొదటి ఆరు గంటలే బలం. మాయ పడేదాకా పాలు పిండకూడదన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా ఉంది. మాయ పడటానికి పన్నెండు గంటలు పట్టొచ్చు. ఆ రైతుకు నచ్చజెప్పాల్సిన డాక్టరు ఆ ఆరు పొరలను మైక్రోస్కోపులో ఒకసారైనా లెక్కపెట్టి ఉంటే మాటకు బరువొస్తుంది.

సంకర ఆవుకు కోడె, పెయ్య కవలలుగా పుడితే, పెయ్యను పెంచాలా వద్దా అని రైతు అడుగుతాడు. ఇద్దరి మాయల రక్తనాళాలు మొదటి నలభై రోజుల్లోపే కలిసిపోతాయి. కోడె నుంచి వచ్చే హార్మోను పెయ్య గర్భసంచిని ఎదగనివ్వదు. ఇలాంటి పెయ్యల్లో 90 శాతానికి పైగా గొడ్డువే. రెండు మూడు వారాల దూడలో నూనె రాసిన మొద్దు గాజు గొట్టం మామూలుగా 12-15 సెంటీమీటర్లు వెళుతుంది. గొడ్డు పెయ్యలో 5-8 దగ్గరే ఆగుతుంది. రెండేళ్ల మేత ఖర్చును ఆ గొట్టం ఆదా చేస్తుంది.

యూజీసీ 2011లో జంతుశాస్త్ర డిగ్రీల్లో డిసెక్షన్‌ను దశలవారీగా తగ్గించమంది. కప్పనూ వానపామునూ కోయడం ఆపడం మంచి పనే, ఆ విద్యార్థులెవరూ రేపు కప్పకు ఆపరేషన్ చేయరు. పశువైద్యాన్ని ఆ గాటన కట్టొద్దన్నదే మా విన్నపం. టేబుల్ కొనే లక్షల్లో ఒక వంతు గాలి లాగే బల్లలకు, కణజాలాన్ని పలచగా కోసే ఒక మంచి మైక్రోటోమ్‌కు, గుడ్లకు కేటాయించాలి. ఒక బల్లకు ఎనిమిది మందికి మించకూడదు. వారానికి ఒకరోజు కోసిన భాగం పక్కనే బతికున్న గేదెను నిలబెట్టి, సుద్దముక్కతో దాని మీదే రూమెన్ అంచు, గుండె స్థానం గీయించాలి. నల్ల చర్మం అంత మంచి బోర్డు ఏ హాల్లోనూ ఉండదు. కబేళాల నుంచి అవయవాలు తెచ్చుకోవడానికి పురపాలక సంఘాలతో రాతపూర్వక ఒప్పందాలు ఉండాలి.

పెంపుడు కుక్క ముసలితనంతో పోతే దాని శరీరాన్ని కళాశాలకు ఇచ్చే ఏర్పాటు కూడా రావాలి. పట్టణాల్లో ప్రాక్టీసంతా కుక్కలదే, మొదటి ఏడాదిలో అది కనిపించేది అరుదు. అయితే దానంగా వచ్చిన శరీరం ఏదైనా నేరుగా బల్ల ఎక్కకూడదు. చనిపోయే ముందు ప్రవర్తన మారిన కుక్క అయితే రేబిస్ అనుమానంతో పక్కన పెట్టాలి. గొర్రె, మేక, గేదె హఠాత్తుగా చచ్చి, ముక్కు, ఆసనం నుంచి గడ్డకట్టని నల్ల రక్తం కారుతుంటే ఆంత్రాక్స్. దాన్ని కోస్తే గాలి తగిలిన క్రిములు దశాబ్దాల పాటు నేలలో బతికే బీజాలుగా మారతాయి. చెవి సిర నుంచి ఒక్క చుక్క స్లైడు మీద తీసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి చూసి, అది లేదని తేలాకే ఏ కళేబరానికైనా కత్తి పెట్టాలి.

ఇట్లు,
పశువైద్య కళాశాలల్లో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు